పిల్లలకి ముందు 'వద్దు' నేర్పుదాం

పోయినేడాది డిసెంబర్ 3న, దివ్యాంగుల దినోత్సవం రోజు, మా సెంటర్ పిల్లల్ని స్టేజీ ఎక్కించాం. వాళ్ళలో ఎనిమిదేళ్ళ బాబు ఒకడున్నాడు. ఆటిజం. ఇంట్లో అందరూ చిన్నోడు అంటారు కాబట్టి నేనూ ఇక్కడ అలాగే రాస్తాను. మైకు ముందు నిలబడి, కుడిచేత్తో చొక్కా గుండీ తిప్పుకుంటూ, "గుడ్ మార్నింగ్ సర్, గుడ్ మార్నింగ్ మేడమ్" అని మొదలుపెట్టి తన పేరు, నాన్న పేరు, ఊరి పేరు, వారాల పేర్లు, ఆ తర్వాత ఒక పాట, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. హాలంతా చప్పట్లు. వాళ్ళమ్మ ఫోన్లో వీడియో తీస్తూ ఏడ్చేసింది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడు నెలలు రోజూ కూర్చోబెట్టి నేర్పింది నేనే.

మర్నాటి నుంచి చిన్నోడు ఎడమ చెంప మీద తనే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. అన్నం పళ్ళెం విసిరేశాడు. పళ్ళ గాట్లు పడేలా మణికట్టు కొరుక్కున్నాడు. రిజిస్టర్లో "బిహేవియర్ ఎక్కువైంది, ఫంక్షన్ హడావిడి వల్ల కావచ్చు" అని రాశాను. మధ్యలో వారాల పేర్లు చెప్పమంటే చెప్పాడు కూడా. నాలుగో రోజు పొద్దున దిండు మీద చీము మరక చూసి వాళ్ళమ్మ చెవి డాక్టర్ దగ్గరికి పరిగెత్తింది. లోపల ఇన్‌ఫెక్షన్ ముదిరి కర్ణభేరికి చిల్లు పడిందని, వారం రోజుల నుంచైనా నొప్పి ఉండే ఉంటుందని ఆయన చెప్పారట.

అంటే స్టేజీ మీద పాడుతున్నప్పుడు కూడా.

ఏడు వారాల పేర్లూ వచ్చిన పిల్లాడికి "నొప్పి" అనే మాట లేదు. "గుడ్ మార్నింగ్" వచ్చిన పిల్లాడికి "ఈరోజు నేను పాడను" అని చెప్పే దారి లేదు. ఆ దారి వేయాల్సింది నేను, వేయలేదు. పదకొండేళ్ళుగా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పని చేస్తూ నేను ఎక్కువగా నేర్పింది, నేను అడిగినదానికి జవాబు చెప్పడం. వాళ్ళంతట వాళ్ళు చెప్పుకోవాల్సినవి ఏముంటాయో, వాటికి మాటలు ఏవో ఆలోచించింది తక్కువ. ఈ ఏడాదంతా దీని గురించే తిరిగి తిరిగి ఆలోచించాక నాకు ఒక విషయం గట్టిగా అనిపిస్తోంది. మన తరగతుల్లో పిల్లలకి అన్నిటికంటే ముందు నేర్పాల్సిన మాట "వద్దు". నోటితో అయినా సరే, చేత్తో అయినా సరే, బొమ్మ కార్డుతో అయినా సరే. రంగులు, అంకెలు, నమస్కారాలు ఆ తర్వాత.

మాటలెప్పుడొస్తాయి మేడమ్?

మా దగ్గరికి వచ్చే ప్రతి తల్లీ తండ్రీ మొదటిరోజు అడిగేది ఇదే. ఆపాటికే వాళ్ళు చాలా తిరిగి ఉంటారు. వస అరగదీసి నాకించి ఉంటారు. నాలుక కింద నరం కోయించి ఉంటారు. "మగపిల్లలకి ఆలస్యమే, వాళ్ళ నాన్నకీ ఐదేళ్ళకి గానీ రాలేదు" అన్న పెద్దవాళ్ళ మాట మీద రెండేళ్ళు ఆగి ఉంటారు. అలాంటివాళ్ళకి బిడ్డ నోట ఏ మాట వచ్చినా వరమే. అది ఏం మాట, బిడ్డకి దేనికి పనికొస్తుంది అని అప్పుడే లెక్కలు వేసుకోవాలని వాళ్ళని అడగడం అన్యాయం. ఆ లెక్క వేయాల్సింది మేము.

మనుషులు దేనికోసం మాట్లాడుకుంటారన్నది జానిస్ లైట్ అనే పరిశోధకురాలు 1988లో నాలుగుగా విడదీసి చెప్పింది. కావలసింది అడగడానికి, విషయం చెప్పడానికి, ఒకరికొకరు దగ్గరవడానికి, మర్యాద పాటించడానికి. జనవరి సెలవుల్లో నా టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని ఈ నాలుగింటితో సరిచూసుకున్నాను. ప్రార్థన, గుడ్ మార్నింగ్, థాంక్యూ, టాటా, ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే లేచి నమస్కారం. దాదాపు అంతా నాలుగోదే. మిగిలిన సమయం "ఇదేంటి? ఇదే రంగు?" అన్న ప్రశ్నలకి పోతోంది. బంతి ఎరుపని నాకు తెలుసు, వాడికీ తెలుసు. వాడు "ఎరుపు" అన్నందువల్ల మా ఇద్దరిలో ఎవరికీ కొత్తగా తెలిసింది లేదు. చెవిలో పోటు అలా కాదు. అది వాడొక్కడికే తెలిసిన సంగతి. వాడు చెబితే తప్ప ఇంకో మనిషికి తెలిసే వీల్లేనిది.

ఇష్టం లేకపోవడం కూడా అంతే, లోపలి సంగతి. మామూలు పసిపిల్లలు మాటలు రాకముందే తల పక్కకి తిప్పేసి, చెంచా తోసేసి ఆ సంగతి చెప్పేస్తారు. మన పిల్లలూ చెబుతారు. తోస్తే మొండి అంటాం, అరిస్తే అల్లరి అంటాం, కొరికితే బిహేవియర్ అని రిజిస్టర్లో రాస్తాం. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యురాండ్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు నలుగురు పిల్లలతో చేసిన పని ఈ రంగంలో అందరూ చదువుకున్నదే. పని కష్టమైనప్పుడు గొడవ చేసే పిల్లలకి "నాకు అర్థం కాలేదు" అనడం నేర్పారు. టీచర్ చూడాలని గొడవ చేసేవాళ్ళకి "నేను బాగా చేస్తున్నానా?" అని అడగడం నేర్పారు. గొడవ తగ్గింది. నేనూ ట్రైనింగులో చదివాను, పరీక్షలో రాశాను. కానీ తరగతిలోకి వచ్చాక పిల్లాడు కొరికితే నా చూపు వాడి పళ్ళ మీదే ఉండేది, వాడు చెప్పబోతున్నదాని మీద ఉండేది కాదు.

మౌనం అర్ధాంగీకారం అంటాం. పెద్దవాళ్ళ విషయంలో అందులో సగమైనా అనుమానం మిగులుతుంది. ఈ పిల్లల మౌనాన్ని మాత్రం పూర్తి అంగీకారంగానే తీసేసుకుంటాం. పెట్టింది తింటే మంచిపిల్ల. కూర్చోమన్న చోట కూర్చుంటే బుద్ధిమంతుడు.

అవును, కాదు

జనవరిలో మొదలుపెట్టాను. మాటకి బదులు వేలితో బొమ్మలు చూపించి చెప్పుకునే కమ్యూనికేషన్ బోర్డు, ఇంగ్లీషులో దొరికేది ఒకటి ప్రింటు తీసి, బొమ్మల కింద తెలుగు రాసి, లామినేషన్ చేయించాను. ఎస్ అని ఉన్నచోట అవును, నో అని ఉన్నచోట కాదు. చిన్నోడి ముందు ఉప్మా పళ్ళెం పెట్టి, బోర్డు చూపించి "కావాలా నాన్నా?" అని అడిగాను. వాడు మొహం తిప్పుకున్నాడు. వాడి వేలు పట్టుకుని "కాదు" మీద పెట్టాను.

వెనక నుంచి మా ఆయమ్మ చూస్తోంది. "అదేంటి మేడమ్, ఉప్మా కావాలా అంటే కాదు అంటారా ఎవరైనా? వద్దు అంటారు గానీ" అంది.

అంత చిన్న విషయం నాకు తట్టలేదు. ఇంగ్లీషు వాళ్ళకి ఒక్క 'నో' అన్నిటికీ సరిపోతుంది. మనకి సరిపోదు. కావాలా అంటే వద్దు. ఉందా అంటే లేదు. ఇది నీ బ్యాగేనా అంటే కాదు. పాట వచ్చా అంటే రాదు. మనం నాలుగేళ్ళకే వీటిని తడుముకోకుండా వాడేస్తాం కాబట్టి తేడా ఉందని కూడా గుర్తుండదు. కానీ మాట కోసం వెతుక్కుంటున్న పిల్లాడికి తప్పు మాట అందిస్తే? ఇంట్లో అమ్మ "వద్దా?" అని అడుగుతుంది, సెంటర్లో బోర్డు "కాదు" అంటుంది. ఆ రెండూ ఒకటేనని వాడికి ఎలా తెలియాలి?

ఆ సాయంత్రం కూర్చుని కొత్త కార్డులు చేశాను. వద్దుకి ఎర్రటి అంచుతో అడ్డంగా చాచిన అరచెయ్యి. లేదుకి ఖాళీ గిన్నె. కాదుకి ఏం బొమ్మ వేయాలో ఇప్పటికీ తేలలేదు. ఉన్నదానికీ లేనిదానికీ, ఇష్టానికీ అయిష్టానికీ బొమ్మ దొరుకుతుంది. ఒక మాట నిజం కాదని చెప్పడానికి బొమ్మ దొరకదు. అది ఇంకా దూరంలో ఉన్న పాఠం అనుకుని పక్కన పెట్టాను.

కార్డులతో వాక్యం కట్టడంలోనూ ఇదే తంటా వచ్చింది. బొమ్మ కార్డులు చేతికిచ్చి మార్చుకునే పద్ధతిని 1985లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అమెరికాలో తయారు చేశారు. మన దగ్గర అందరూ పెక్స్ అంటారు. అందులో ఒక పట్టీ ఉంటుంది. ఇంగ్లీషు పట్టీలో "నాకు కావాలి" అనే కార్డు ముందే ఎడమ పక్క ఉంటుంది, పిల్లాడు వస్తువు బొమ్మని దాని తర్వాత అతికిస్తాడు. మనం మాట్లాడేది అలా కాదు కదా. ఇడ్లీ కావాలి, నీళ్ళు కావాలి, బయటికి వెళ్ళాలి. అందుకని "కావాలి" కార్డుని పట్టీకి కుడి చివర వెల్క్రోతో అతికించేసి, దాని ముందు ఖాళీ వదిలాను. ఆ ఖాళీలో బొమ్మ పెట్టడం మా పిల్లలు తొందరగానే పట్టుకున్నారు. తెలుగులో "నాకు" అని చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. నేను, నువ్వు తారుమారు చేసే పిల్లలకి ఇదెంత సుళువో చెప్పలేను. "కావాలి", "వద్దు" రెండూ ఒంటరిగా నిలబడే మాటలు. మన భాష ఈ పిల్లలకి ఇచ్చిన సదుపాయం ఇది, వాడుకోవడం తెలియాలి.

ఇంకో సంగతి కూడా ఆ వారమే గమనించాను. ఒకరోజు గంటసేపు లెక్కపెట్టాను. నేను, ఆయమ్మ కలిసి పిల్లలతో "పరిగెత్తొద్దు, ముట్టుకోవద్దు, కొట్టొద్దు, అక్కడ కూర్చోవద్దు" అని నలభై మూడుసార్లు అన్నాం. వద్దు అనే మాట చిన్నోడు పుట్టినప్పటి నుంచి వింటూనే ఉన్నాడు. అది ఎప్పుడూ వాడి మీదికి వచ్చే మాటే. వాడి చేతిలోకి ఒక్కసారీ రాలేదు.

మూడు వారాలు

నేర్పడం కష్టం కాలేదు. వాడికి బీట్‌రూట్ చూస్తేనే ఒళ్ళు జలదరింపు. గిన్నెలో ఒక్క ముక్క వేసి ముందుకి జరిపాను. వాడి చెయ్యి తోయడానికి లేవగానే వెనక నుంచి ఆయమ్మ ఆ చేతిని కార్డు మీదికి మళ్ళించింది. కార్డు నా అరచేతిలో పడగానే "వద్దు! సరే" అని గిన్నె తీసేశాను. రోజుకి నాలుగైదుసార్లు. నాలుగో రోజు ఆయమ్మ చెయ్యి వేయకముందే కార్డు నా చేతిలో ఉంది. వాడు నా మొహం వైపు చూడలేదు, గిన్నె వెళ్ళిపోతుంటే గిన్నె వైపే చూశాడు. అది వెళ్ళిపోయింది. మళ్ళీ తెమ్మన్నట్టు నా మోచెయ్యి లాగాడు. తెచ్చాను. కార్డు ఇచ్చాడు. గిన్నె పోయింది. అలా తొమ్మిదిసార్లు ఆడాం. తన మాటకి ఒక వస్తువు కదులుతుందని వాడు ఆ పూట కనుక్కున్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు నరకం. కుర్చీ వద్దు. పూసలు గుచ్చడం వద్దు. పలక వద్దు. ప్రార్థన వద్దు. ప్రాణంగా తినే జంతికలు కూడా వద్దని, తీసేస్తే ఏడ్చాడు. పక్క గది టీచర్ "మేడమ్, లైన్లో ఉన్న పిల్లాణ్ణి మీరే చెడగొట్టారు" అంది. ఆమె మాటని తేలిగ్గా తీసుకోలేను. పద్నాలుగు మంది పిల్లలు, ఒక టీచర్, ఒక ఆయమ్మ ఉన్న గదిలో ఒక్కడు లేచి అన్నీ వద్దంటే మిగతా పదమూడు మందికి అందాల్సిన సమయం పోతుంది. ఇంటి దగ్గర ఫిట్స్ మాత్ర వద్దన్నాడని వాళ్ళమ్మ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. "మీరు వద్దంటే తీసెయ్యమన్నారు కదా మేడమ్, ఇప్పుడేం చెయ్యను?"

అక్కడే నాకు మన అలవాటు ఒకటి కనపడింది. "మాత్ర వేసుకుంటావా? స్నానం చేస్తావా? బడికి వెళ్దామా?" అని అడుగుతాం. అవేవీ ప్రశ్నలు కావు, ప్రశ్నలా పలికే ఆజ్ఞలు. మామూలు పిల్లలు గొంతునిబట్టి పట్టేస్తారు. ఈ పిల్లలు మాటని మాటగానే తీసుకుంటారు. అడిగారు కాబట్టి చెప్పాడు, చెబితే వినలేదు. అందుకని వాళ్ళమ్మతో ఒక ఒప్పందం చేసుకున్నాం. వద్దంటే మానేయగలిగిన వాటినే అడగాలి. మానడానికి వీల్లేని వాటిని అడగకూడదు, చెప్పాలి. అప్పుడు కూడా వాడు కార్డు ఇస్తే విననట్టు ఉండకూడదు. "వద్దంటున్నావు, అర్థమైంది. ఇది వేసుకోవాల్సిందే నాన్నా. తర్వాత ఉయ్యాల" అనాలి. రోడ్డు దాటేటప్పుడు "ఆగు" అంటే ఆగాల్సిందే, అందులో బేరం లేదు.

మార్చి చివరికి వాడి మణికట్టు మీద కొత్త గాట్లు లేవు. వద్దు నేర్పినందువల్లేనని ఒట్టేసి చెప్పలేను. చెవి కూడా అప్పటికి నయమైంది. ఒక్క పిల్లాణ్ణి చూసి సిద్ధాంతం చెయ్యకూడదని నాకు తెలుసు. అయితే కోపం వచ్చినప్పుడు వాడి చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళబోయి, ఆగి, నడుముకి కట్టిన కార్డుల తాడు వెతుక్కోవడం నేను కళ్ళారా చూశాను.

కార్డు ఇస్తే నోటిమాట పోతుందా?

చిన్నోడి నాన్న ఆటో నడుపుతారు. ఒకరోజు ఆటో గేటు దగ్గర ఆపి లోపలికి వచ్చారు. "బట్టీ పట్టినవి కాక, ఇప్పుడిప్పుడే సొంతంగా నాలుగు ముక్కలు అంటున్నాడు మేడమ్. మీరు చేతికి కార్డులిస్తే ఇంక నోరెందుకు తెరుస్తాడు?"

ఈ భయం ఆయనొక్కడిదే కాదు. ఎంతోమంది డాక్టర్లూ టీచర్లూ ఇదే అంటారు. మిల్లర్, లైట్, ష్లోసర్ అనే ముగ్గురు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి 2006లో ఒక సమీక్ష రాశారు. గట్టి పద్ధతిలో చేసినవాటిలో 27 మంది లెక్క తేలింది. బొమ్మలు, సైగలు, పరికరాలు మొదలుపెట్టాక వాళ్ళలో ఒక్కరికీ మాట తగ్గలేదు. 89 శాతం మందికి పెరిగింది. పెరిగినది చాలామందిలో కొంచెమే. ఆ "కొంచెమే" కూడా ఆయనకి చెప్పాను, లేని ఆశ పెట్టకూడదు కాబట్టి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కమ్యూనికేషన్ అంటే ఏమిటో చెప్పేటప్పుడు సైగ భాషని, బ్రెయిలీని, ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతుల్ని కలిపే చెప్పిందని కూడా చెప్పాను. చెన్నైలో తయారైన అవాజ్, ఐఐటీ బొంబాయి వాళ్ళు చేసిన జెల్లో లాంటి యాప్‌లు ఉన్నాయని, ట్యాబ్‌లో బొమ్మ నొక్కితే గొంతు వినపడుతుందని ఫోన్లో చూపించాను.

ఆయన అంతా విని, "చట్టం సరే మేడమ్. రేపు నేను లేకపోతే బస్సులో కండక్టర్ వీడి కార్డు చూస్తాడా?" అన్నారు.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ పూర్తి జవాబు లేదు. నోటిమాటకి ఊళ్ళో ఉన్న విలువ కార్డుకి లేదు. కాబట్టి నోటిమాట కోసం చేసే ప్రయత్నం ఆపకూడదు, ఆపలేదు కూడా. నేను అనేదల్లా, అది వచ్చేదాకా పిల్లాణ్ణి ఉత్త చేతులతో కూర్చోబెట్టకూడదని. జూన్ నుంచి చిన్నోడు కార్డు ఇస్తూ "ద్దు" అంటున్నాడు. వాళ్ళ నాన్న దాన్ని రికార్డు చేసి ఆటో స్టాండులో అందరికీ వినిపించారట. అదే నెలల్లో, అదే పద్ధతిలో నేర్చుకున్న ఇంకో బాబు ఒక్క శబ్దం చెయ్యలేదు. వాడికి కార్డే మాట. బహుశా ఎప్పటికీ.

చెయ్యి ఎవరిది

మొదట్లో ఉప్మా దగ్గర వాడి వేలు పట్టుకుని "కాదు" మీద పెట్టానని రాశాను కదా. ఆ పని నేను చాలా ఏళ్ళు చేశాను. పై నుంచి ఎవరైనా చూడటానికి వస్తే, పిల్లాడి చేతి మీద చెయ్యి వేసి సరైన కార్డు ఎత్తించేదాన్ని. చూసేవాళ్ళు మెచ్చుకునేవారు. ఆ కార్డు ఎంచుకున్నది నేను.

దీనికి పెద్ద రూపం ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్. పిల్లల చెయ్యి పెద్దవాళ్ళు పట్టుకుని టైపు చేయించే పద్ధతి 1990ల్లో అమెరికాలో చాలా పాకింది. పరీక్షించి చూస్తే వస్తున్న మాటలు చెయ్యి పట్టుకున్నవాళ్ళవని తేలింది. అమెరికాలో స్పీచ్ థెరపిస్టుల సంఘం ఆశా 1994లోనే దీన్ని సమర్థించలేదు, 2018లో అసలు వాడొద్దని చెప్పింది. అయినా మా పిల్లల తల్లులు అలాంటి వీడియోలు నాకు పంపిస్తూనే ఉంటారు, ఆశతో. నేను వాళ్ళకి చెప్పే పరీక్ష ఒక్కటే. మీ చెయ్యి తీసేస్తే ఆ మాట వస్తుందా? మీరు గదిలో లేనప్పుడు, ఇంకొకరి ముందు వస్తుందా?

చెయ్యి తీసేశాక మిగిలేది ఆగడం. ఇదే అన్నిటికంటే కష్టం. మేరీ బడ్ రో అనే ఆమె 1970ల్లో తరగతుల్లో టేపులు పెట్టి లెక్క చూస్తే, మామూలు బళ్ళలోనే టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక సెకను ఆగుతున్నారట. చిన్నోడికి ఒకసారి గడియారం పెట్టి చూశాను. మరమరాలు గట్టి మూత ఉన్న గాజు సీసాలో పెట్టి బల్ల మీద ఉంచి, నోరు మూసుకుని కూర్చున్నాను. వాడు సీసాని చూశాడు. తిప్పాడు. మూత కొరికాడు. కిటికీ వైపు చూశాడు. పద్నాలుగు సెకన్లకి "కావాలి" కార్డు వచ్చింది. అప్పటిదాకా ఎన్ని వేలసార్లు మూడో సెకనుకే "ఏం నాన్నా, మరమరాలా?" అని వాడి మాట నేను అందుకుని ఉంటాను!

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ పిల్లల ఇళ్ళల్లో అది తిరగబడుతుంది. అడగలేడు కదా అన్న జాలితో అమ్మ ముందే అన్నీ పెట్టేస్తుంది, దాహం వేయకముందే గ్లాసు నోటి దగ్గర ఉంటుంది. ప్రేమే అది, తప్పు పట్టలేం. కానీ అడగాల్సిన అవసరమే రాని పిల్లాడికి అడగడం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంకో లెక్క ఉంది. ఏడాదిన్నర పాప రోజుకి ఎనిమిది గంటల చొప్పున మాటలు విందనుకుంటే అప్పటికి దాదాపు 4,380 గంటలు విన్నట్టు. కార్డులతో మాట్లాడటం మన పిల్లలు వారానికి రెండు అరగంటలే చూస్తే, ఆ మోతాదు రావడానికి 84 ఏళ్ళు పడుతుంది. అందుకే ఇప్పుడు నా మెడలోనూ అవే కార్డులు ఉంటాయి. ఆయమ్మ టీ తెస్తే "వద్దు" కార్డు చూపించి వద్దంటాను. మొదట్లో ఆమెకి వింతగా ఉండేది, ఇప్పుడు ఆమె కూడా వాడుతుంది.

నాయనమ్మ మాటలు

ఒక బాబుని వాళ్ళ నాయనమ్మ రోజూ దింపుతుంది. మొన్నటిదాకా ఆవిడ వాడితో "కమ్", "సిట్", "వాటర్" అని మూడే మాటలు అనేది. ఎందుకమ్మా అంటే, ఎక్కడో థెరపీలో ఇంట్లో ఒక్క భాషే మాట్లాడాలని చెప్పారట. ఫ్లాష్ కార్డులన్నీ ఇంగ్లీషే కాబట్టి కొడుకూ కోడలూ ఆ ఒక్క భాష ఇంగ్లీషని నిర్ణయించారు. "నాకొచ్చిన మాటలు వాడికి పనికిరావంట మేడమ్" అంది ఆవిడ.

రెండు భాషలు వింటే ఆటిజం ఉన్న పిల్లలకి మాటలు దెబ్బతింటాయని పరిశోధనల్లో తేలలేదు. సరే, ఆ సంగతి పక్కన పెట్టినా, రోజుకి పది గంటలు వాడితో గడిపే మనిషిని మూగని చేసి మాటలు నేర్పడం ఏం పద్ధతి? ఆవిడ చేత "బువ్వ", "తాయి", "అమ్మో", "వద్దు" అన్నీ మళ్ళీ అనిపించడానికి నెల పట్టింది. కొడుక్కి కోపం వచ్చింది కూడా. ఇంటర్నేషనల్ స్కూలుకి పంపుదామనుకున్నవాళ్ళు, వాళ్ళ బెంగ నాకు అర్థమవుతుంది. కానీ వాడు మొదట ఇంట్లో మనిషి కావాలి.

"దాని మనసు నాకు తెలుసు"

నేను చెప్పేదానికి అన్నిటికంటే బలమైన అభ్యంతరం చెప్పింది బుజ్జమ్మ తల్లి. బుజ్జమ్మకి పదమూడేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ. చేతులు సహకరించవు. పైకి చూస్తే అవునని, కళ్ళు గట్టిగా మూస్తే వద్దని. "దాని మనసులో ఏముందో నాకు తెలుసు మేడమ్. ఈ బోర్డులూ పట్టీలూ బయటివాళ్ళకి. మాకెందుకు?" అంది. నిజమే, ఆ తల్లి చదివినట్టు ఆ పిల్లని నేను ఎప్పటికీ చదవలేను.

ఆగస్టులో ఆమెకి గర్భసంచి ఆపరేషన్ అయింది. ఎనిమిది రోజులు బుజ్జమ్మని పిన్ని చూసుకుంది. మంచి మనిషి. అన్నం కలిపి పెడుతుంటే పిల్ల కళ్ళు మూసింది. నిద్ర వస్తోందేమోననుకుని తొందరగా పెట్టింది. స్నానం చేయిస్తుంటే కళ్ళు మూసింది. నీళ్ళు కళ్ళలో పడుతున్నాయనుకుంది. నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయని తెలిసింది వీపు ఎర్రగా కందాక.

ఆ తర్వాత తల్లి తనే అడిగి మా చేత ఒక కాగితం రాయించింది. స్కాట్లాండ్‌లో 1990ల నుంచి ఇలాంటివి కమ్యూనికేషన్ పాస్‌పోర్ట్ అనే పేరుతో వాడుతున్నారు. బుజ్జమ్మ చెబుతున్నట్టుగా రాశాం: "నేను పైకి చూస్తే సరే అని. కళ్ళు గట్టిగా మూస్తే వద్దు అని. నన్ను ఎత్తే ముందు చెప్పండి. బట్టలు మార్చే ముందు అడగండి." వీల్‌చైర్ వెనక అతికించాం. ఈ చివరి వాక్యం రాస్తున్నప్పుడు తల్లి చాలాసేపు మాట్లాడలేదు. ఇంకో రెండేళ్ళలో ఆ పిల్ల వయసుకొస్తుంది. ఒంటి మీద ఎవరి చెయ్యి పడినా ఆమె దగ్గరున్నది ఆ కళ్ళు మూయడం ఒక్కటే. దాని అర్థం తల్లికి ఒక్కదానికే తెలిసి ఉంటే చాలదు.

ఇప్పుడు మళ్ళీ నవంబర్. డిసెంబర్ 3 రిహార్సల్స్ మొదలయ్యాయి. పోయినేడాది వీడియో చూసినవాళ్ళంతా చిన్నోడి పాట ఈసారి కూడా ఉండాలన్నారు, పైనుంచి కూడా అదే చెప్పారు. సోమవారం మైకు తెచ్చి హాల్లో పెట్టాం. చిన్నోడు గుమ్మంలోనే ఆగిపోయాడు. మైకుని చూశాడు. తాడుకున్న కార్డులు ఒక్కొక్కటే వెనక్కి తిప్పాడు. వద్దు కార్డు మూల కొరికి కొరికి లామినేషన్ ఊడిపోయింది, ఎర్ర రంగు సగం పోయింది. దాన్ని తీసి నా చేతిలో పెట్టి, "ద్దు" అన్నాడు.

పక్కనే వాళ్ళమ్మ ఉంది. చేతిలో కవరు. ఫంక్షన్ కోసం కుట్టించిన కొత్త చొక్కా, వాడికి తిప్పుకోవడానికి ఇష్టమని పెద్ద గుండీలు పెట్టించింది. నా వైపు చూసింది. నేను లిస్టు తీసి వాడి పేరు కొట్టేశాను. ఆమె కాసేపు ఆ చొక్కాని చూసి, మడత సరిచేసి మళ్ళీ కవర్లో పెట్టుకుంది.

"సంక్రాంతికి వేస్తాలే మేడమ్" అంది.